ఇంటి బండి: గట్టి రబ్బరంతా మంచి రబ్బరు కాదు

మీ మిక్సీని ఒకసారి పైకెత్తి అడుగున చూడండి. నాలుగు మూలలా రబ్బరు కాళ్ళుంటాయి. వాటిలో ఒక్కటి ఊడిపోతే ఏమవుతుందో మనలో చాలామందికి అనుభవమే. కొబ్బరి పచ్చడి వేసి స్విచ్ నొక్కగానే మిక్సీ గట్టు మీద గంతులు మొదలుపెడుతుంది. పక్కనున్న గిన్నెలు గలగలమంటాయి. మోటారు కాలిపోయిందేమోనని కంగారు పడతాం. తీరా చూస్తే పోయింది మోటారు కాదు, దాని కింద కాలు!

కారులోనూ ఇదే కథ. ఇంజన్‌ని తిన్నగా ఇనుప చట్రానికి బోల్టులు వేసి బిగించెయ్యరు. మధ్యలో రబ్బరు దిండ్లు పెడతారు. వీటినే ఇంజన్ మౌంటింగులు అంటారు. మన షెడ్లలో ఉస్తాదులు 'ఫౌండేషన్ రబ్బర్లు' అంటారు. పాతకార్లలో ఎక్కువగా ఇవి మూడుంటాయి. ఇంజన్‌కి అటొకటి, ఇటొకటి, వెనకాల గేరుబాక్సు కింద ఒకటి. కొన్నిటికి నాలుగు కూడా ఉంటాయి. గుప్పెట్లో పట్టే వస్తువే, కాని బండి మొత్తం సుఖం దాని మీద ఆధారపడి ఉంది. సుఖమే కాదు, క్షేమం కూడా. అదెలాగో తరవాత చెబుతాను.

ఈ వారం ఈ సంగతి ఎత్తుకోవడానికి కారణం సికిందరాబాదు మారేడ్‌పల్లి నుంచి ఒక చెల్లెలు రాసిన ఉత్తరం. వాళ్ళ మామయ్యగారు కొన్న 1968 నాటి ఫియట్ 1100 డిలైట్ ఇంట్లో ఉందిట. ఆయన పోయాక రెండేళ్ళు కదలలేదు. ఇప్పుడు ఈవిడే తుడిచి, బ్యాటరీ మార్పించి, నడపడం మొదలుపెట్టింది. అత్తయ్యగారిని వారానికోసారి గుడికి తీసుకెళ్ళాలని ఆశ. కాని స్టార్ట్ చెయ్యగానే స్టీరింగు జ్వరమొచ్చినట్టు వణుకుతోందిట. క్లచ్ వదిలితే కింద 'ఠక్' మంటోందిట. గేరు ఒక్కోసారి పడనే పడటం లేదుట. "రబ్బర్లు మార్చాలని తేలింది గానీ ఏవి కొనాలో తేలడం లేదు. షెడ్డు ఉస్తాద్ లారీకి వేసే గట్టి రబ్బర్లు వేస్తానంటున్నాడు. మా మరిది పాలీయురెథేన్‌వి తెప్పించమంటున్నాడు. షాపతను ముప్ఫయ్యేళ్ళ నాటి సీలు విప్పని ఒరిజినల్ ప్యాకెట్ ఉందంటున్నాడు. మావారేమో పండగలోగా తేలకపోతే తుక్కు కింద ఇచ్చేద్దామంటున్నారు. ఎవరి మాట వినమంటారు?" అని అడిగింది.

చెల్లెమ్మా, ముగ్గురూ నీ మంచి కోరే చెప్పారు. అయినా ముగ్గురి మాటా యథాతథంగా వినొద్దంటాను. ఎందుకో చెబుతాను.

రబ్బరు చేసే పనేమిటి?

నాలుగు సిలిండర్ల ఇంజన్ ఒక చుట్టు తిరిగితే రెండుసార్లు పేలుడు జరుగుతుంది. బండి ఊరికే నిలబడి ఆడుతున్నప్పుడు నిమిషానికి 800 చుట్లు తిరుగుతుందనుకోండి. అంటే సెకనుకి ఇంచుమించు 27 దెబ్బలు. ఆ దెబ్బల్ని తను మింగేసి, బాడీకి చేరనివ్వకుండా చూడటం రబ్బరు పని. అదే సమయంలో ఇంజన్ బరువు మొయ్యాలి, గట్టిగా బ్రేకు వేసినప్పుడు అది ముందుకి దూకకుండా పట్టుకోవాలి. ఒక పక్క మెత్తగా ఉండాలి, ఇంకో పక్క పట్టుగా ఉండాలి. ఇంట్లో పెద్దకోడలి ఉద్యోగం లాంటిదన్నమాట!

మోటారు కార్ల తొలిరోజుల్లో ఈ సుఖం లేదు. ఇంజన్‌ని చట్రానికి ఇంచుమించు నేరుగానే బిగించేవారు. 1931లో అమెరికాలో క్రిస్లర్ కంపెనీ తన ప్లిమత్ కారులో ఇంజన్‌ని రబ్బరు మీద తేలేలా కూర్చోబెట్టి, దానికి 'ఫ్లోటింగ్ పవర్' అని పేరు పెట్టింది. మరుసటేడు ఫ్రాన్సులో సిట్రోయెన్ కంపెనీ ఆ హక్కులు కొనుక్కుని, నీటి మీద తేలే హంస బొమ్మని గుర్తుగా వాడుకుంది. బొంబాయి కుర్లాలో ప్రీమియర్ ఆటోమొబైల్స్ వారు మొదట్లో కూర్చింది ఆ క్రిస్లర్ వారి డాడ్జి, ప్లిమత్ కార్లే. ఫియట్‌లు తరవాత వచ్చాయి. 1964 నుంచి డిలైట్‌గా అమ్ముడైన ఆ 1089 సిసి బండే 1970లలో ప్రీమియర్ పద్మినిగా పేరు మార్చుకుని, 2000 ప్రాంతం దాకా మన రోడ్ల మీదకి కొత్తగా వస్తూనే ఉంది. అందుకే దాని విడిభాగాలు వెతికితే ఇవాళ్టికీ దొరుకుతాయి. ఇది నీకు కలిసొచ్చే సంగతి.

ముందు రోగం తేల్చుకోండి

వణుకంతా రబ్బరు వల్లే అనుకోకూడదు. బండి నిలబడి ఉన్నప్పుడు ఇంజన్ తడబడుతూ, లయ తప్పి కొట్టుకుంటుంటే అది ప్లగ్గులో, పాయింట్లో, టాపెట్లో సరిగ్గా లేక. ముందు ట్యూనింగ్ చేయించాలి. ఏ గేరులో ఉన్నా సరే, ఒక వేగం దగ్గరే వణుకు వస్తుంటే చక్రాల బ్యాలెన్సింగో, ప్రొపెల్లర్ షాఫ్టో చూపించాలి. ఇంజన్ శబ్దం సాఫీగానే ఉండి, క్లచ్ వదిలేటప్పుడు, గేరు మార్చేటప్పుడు, రివర్సులో 'ఠక్' మంటుంటే అప్పుడు రబ్బర్లని అనుమానించాలి. నీ బండికి గేరు కడ్డీ స్టీరింగు పక్కనే ఉంటుంది. కడ్డీ ఒక చివర బాడీకి, ఇంకో చివర గేరుబాక్సుకి. రబ్బరు కుంగి ఇంజన్ కిందకి దిగితే ఆ కడ్డీల వరస తప్పుతుంది, గేరు పడదు. మూడు లక్షణాలూ కలిశాయి కాబట్టి నీ అనుమానం నిజమే అయ్యుండొచ్చు.

పరీక్ష తేలికే. బానెట్ ఎత్తి, హ్యాండ్ బ్రేకు లాగి, చక్రాలకి అడ్డం రాళ్ళు పెట్టి, బ్రేకు పెడలు గట్టిగా తొక్కి ఉంచి, నడపడం బాగా తెలిసినవారు మొదటి గేరులో క్లచ్ కొంచెం వదలాలి. తరవాత రివర్సులో అలాగే. పక్కనుంచి చూస్తే ఇంజన్ ఎటు లేస్తోందో కనిపిస్తుంది. కొద్దిగా కదలడం సహజమే. ఒక పక్క బెత్తెడు లేచి ధబ్బున పడుతుంటే ఆ పక్క రబ్బరు తెగినట్టే. చూసేవారు పక్కన నిలబడాలి తప్ప బండికి ఎదురుగా ఎప్పుడూ నిలబడకూడదు. చీర కొంగు, జడ ఫ్యాను దరిదాపుల్లో ఉండకూడదు. పిల్లల్ని దగ్గరికి రానివ్వకండి.

ముగ్గురి సలహాలూ

మొదటిది, ఉస్తాద్ చెప్పిన గట్టి రబ్బరు. 'గట్టిదైతే ఎక్కువ కాలం వస్తుంది' అన్నది చూడ్డానికి న్యాయంగానే కనిపిస్తుంది. కాని లారీ ఇంజన్ బరువు వేరు, దాని దెబ్బ వేరు. ఆ బరువుకి అణిగే రబ్బరు ఈ చిన్న ఇంజన్ కింద అసలు అణగదు. అణగని రబ్బరు రాయితో సమానం. రబ్బరు పదేళ్ళు వస్తుందేమో గాని, ఆ వణుకంతా రేడియేటరు అతుకులకి, సైలెన్సర్ గొట్టానికి, డాష్‌బోర్డు మరలకి చేరి వాటిని తినేస్తుంది. యాభై ఏళ్ళు దాటిన రేకు అంత దెబ్బ ఓర్చుకోలేదు.

రబ్బరు గట్టిదనానికి షోర్ ఏ అనే కొలత ఉంది. 0 నుంచి 100 దాకా లెక్క. మామూలు కార్ల మౌంటింగులు సాధారణంగా 45 నుంచి 65 మధ్య ఉంటాయి. రెండోదైన పాలీయురెథేన్ చాలావరకు 70 దాటే ఉంటుంది. అది నూనెకి చెడదు, తొందరగా తెగదు, ఆ మాట నిజమే. పందెం కార్లకి బాగుంటుంది. అక్కడ ఇంజన్ కదలకపోవడమే ముఖ్యం, నడిపేవారి నడుము సంగతి ఎవరికీ పట్టదు. అత్తయ్యగారు కూర్చునే బండికి మాత్రం వద్దు.

మూడోది, సీలు విప్పని ఒరిజినల్ ప్యాకెట్. దీనికే చాలామంది పడిపోతారు. ఆ పేరు, ఆ పాత అట్టపెట్టె చూస్తే ముచ్చటేస్తుంది మరి! కాని రబ్బరు బియ్యం లాంటిది కాదమ్మా, పాతబడితే మంచిదవడానికి. వాడకపోయినా గాలికీ, వేడికీ లోపల్లోపల ముదిరిపోతుంది. అలమారాలో ఏళ్ళ తరబడి పడున్న రబ్బరు బ్యాండుని లాగి చూడండి, పుటుక్కున తెగుతుంది. కుక్కరు గ్యాస్కెట్ కొత్తదే కొని దాచినా పదేళ్ళ తరవాత తీస్తే బిరుసెక్కి ఉంటుంది. ముప్ఫయ్యేళ్ళ ప్యాకెట్‌లో ఇనుప పలక ఒరిజినలే, కొలతలు ఒరిజినలే, రబ్బరు మాత్రం ముసలిది. అలాంటిది చవకగా వస్తే కొలతల నమూనాగా పనికొస్తుంది, బండికి వెయ్యడానికి కాదు.

మరి ఏది కొనాలి? నీ బండి మోడల్‌కే చేసిన, ఈ మధ్య తయారైన, మామూలు మెత్తదనం ఉన్న రబ్బరు. ఇంతే.

రాణీగంజ్‌కి వెళ్ళినప్పుడు

విడిభాగాల కోసం సికిందరాబాదులో రాణీగంజ్ ఉండగా దూరం పోనక్కర్లేదు. వెళ్ళే ముందు పాతవి విప్పించి, కుడి ఎడమలు కలిసిపోకుండా వాటికి చీటీలు కట్టి, కాగితంలో చుట్టి పట్టుకెళ్ళండి. చాలా బళ్ళలో రెండు పక్కలవీ ఒకటి కావు. బండి తయారైన సంవత్సరం కూడా రాసుకోండి. షాపులో ఇవి చూడాలి:

- బోల్టు ఇంకో బోల్టుకి ఎంత దూరంలో ఉందో పాతదాని పక్కన పెట్టి సరిచూడండి. అంబాసిడర్ లాంటి ఇంగ్లీషు వంశపు బళ్ళకి అంగుళాల లెక్క మరలు, ఫియట్‌కి మిల్లీమీటర్ల లెక్క మరలు. ఒకదాని నట్టు ఇంకోదానికి రెండు చుట్లు ఎక్కినట్టే ఎక్కి మర చెడగొడుతుంది.
- కొత్తది కొంచెం ఎత్తుగా కనిపిస్తే బెంగపడకండి. పాతది ఏళ్ళ తరబడి బరువు మోసి కుంగిపోయింది కదా! కుడి ఎడమల కొత్తవి మాత్రం వాటి వాటి కొలత ప్రకారం ఉండాలి.
- బొటనవేలి గోరుతో రబ్బరుని నొక్కండి. కొద్దిగా లోపలికి పోయి, తీయగానే పైకి లేవాలి. గోరు గుర్తు అలాగే ఉండిపోయినా, అసలు దిగకపోయినా పక్కన పెట్టెయ్యండి.
- మౌంటింగుని కొంచెం వంచడానికి ప్రయత్నించి, మంచి వెలుతురులో అంచులు చూడండి. సన్నటి పగుళ్ళు కనిపిస్తే అది నిలవ సరుకు.
- రబ్బరు, ఇనప పలక కలిసేచోట అన్నిటికంటే జాగ్రత్తగా చూడాలి. గోరు దూరే సందు ఉండకూడదు. అచ్చులో వేడికీ ఒత్తిడికీ అంటుకున్న రబ్బరు పలకలో భాగంలా ఉంటుంది. సొల్యూషన్ పూసి అతికించినది అంచు దగ్గర లేస్తుంది.
- రబ్బరు తెగినా రెండు ఇనప ముక్కలూ ఒకదాన్నొకటి కొక్కెంలా పట్టుకుని విడిపోకుండా ఉండే రకం నీ మోడల్‌కి దొరికితే అదే తీసుకో.
- ఒక్కటే పోయినా మొత్తం జత మార్చాలి. ఒకటి కొత్తది, ఒకటి కుంగినదైతే ఇంజన్ వంకరగా కూర్చుంటుంది, కొత్తదే ముందు తెగుతుంది.

దొరక్కపోతే?

ఫియట్, అంబాసిడర్‌లకి ఇబ్బంది ఉండదు గాని స్టాండర్డ్ హెరాల్డ్, మోరిస్ మైనర్, హిల్‌మన్ లాంటివి ఉన్న ఇళ్ళవారు దొరకలేదని దిగులు పడతారు. అప్పుడు రబ్బరు మౌల్డింగ్ చేసేవారి దగ్గర పాత పలకల మీదే కొత్త రబ్బరు పోయించుకోవచ్చు. 1839లో చార్లెస్ గుడ్‌ఇయర్ అనే ఆయన గంధకం కలిపి వేడి చేస్తే రబ్బరు ఎండకి కరగకుండా, చలికి పెళుసెక్కకుండా నిలుస్తుందని కనిపెట్టాడు. ఆ వల్కనైజింగే ఇక్కడా పని. పాత రబ్బరు పూర్తిగా గీకేసి, తుప్పంతా పోయేలా పలక శుభ్రం చేసి, అంటుకునే మందు పూసి, అచ్చులో పెట్టి వేడి మీద ఒత్తాలి. 'ఎంత గట్టి రబ్బరు పోస్తారు?' అని అడగండి. షోర్ లెక్క చెప్పగలిగినవాడైతే పని తెలిసినవాడే.

ఇక్కడ ఒక మెలిక ఉంది. కుంగిన మౌంటింగుని నమూనాగా ఇస్తే అతను ఆ కుంగినంత ఎత్తే చేసిస్తాడు! అప్పుడు కొత్త రబ్బరు వేసినా ఇంజన్ పాత గుంటలోనే కూర్చుంటుంది. ఉన్నవాటిలో తక్కువ కుంగినదాన్ని, కుదిరితే ఇందాక చెప్పిన పాత ప్యాకెట్ సరుకుని నమూనాగా ఇవ్వాలి.

అలాగని ఇంకో కారువి తెచ్చి, బ్రాకెట్ కోసి వెల్డింగ్ పెట్టిస్తామంటే మాత్రం ఒప్పుకోకండి. 2021 జులైలో కేంద్ర ప్రభుత్వం తెచ్చిన నిబంధనల ప్రకారం, 50 ఏళ్ళు దాటి, చట్రంలో, బాడీలో, ఇంజన్‌లో పెద్ద మార్పులు లేకుండా అసలు రూపంలో ఉన్న సొంత బండిని 'వింటేజ్'గా నమోదు చేయించుకోవచ్చు. కోసి అతికించిన చట్రానికి ఆ అర్హత పోయే ప్రమాదముంది. అన్నట్టు, అలా నమోదైన బండిని రోజువారీ అవసరాలకి తిప్పకూడదు. ప్రదర్శనలకి, ర్యాలీలకి, మరమ్మతుకి, పెట్రోలు పోయించుకోవడానికి మాత్రమే. వారం వారం గుడికి వెళ్ళాలనుకునేవారు మామూలు రిజిస్ట్రేషన్‌నే అయిదేళ్ళకోసారి పొడిగించుకుంటూ పోవడం మేలు.

బిగించేటప్పుడు పక్కనే ఉండండి

రబ్బరు ఎందుకు పోయిందో ముందు చూడాలి. ఇంజన్ ఆయిలు కారి దాని మీద పడుతుంటే ఎంత మంచి రబ్బరు వేసినా నిలవదు. విప్పిన నూనె ప్యాకెట్‌కి చుట్టిన రబ్బరు బ్యాండు ఉబ్బి, సాగి, జిగురైపోవడం చూస్తూనే ఉంటాం కదా! టాపెట్ కవరు ప్యాకింగో, మరోటో, లీకు ముందు ఆపించి తరవాతే కొత్తవి వేయించండి.

బ్యాటరీ తీగ విప్పించండి. జాకీని ఇంజన్ అడుగున్న ఆయిలు తొట్టికి నేరుగా ఆనించకుండా మధ్యలో మందపాటి చెక్క పెట్టించండి. రేడియేటరు గొట్టాలు, ఫ్యాను ఎక్కడా తగలకుండా కొద్దికొద్దిగా ఎత్తాలి. ఒకదాని తరవాత ఒకటి మార్చాలి తప్ప మూడూ ఒకేసారి విప్పకూడదు. కొత్తవి వేశాక నట్లు చేత్తో తిప్పి వదిలి, ఇంజన్ బరువు దింపి, అది తన చోట సర్దుకున్నాకే స్పానరుతో బిగించాలి. ముందే బిగించేస్తే రబ్బరు మెలి తిరిగి ఉండిపోతుంది, కొద్ది నెలల్లోనే చిరుగుతుంది.

రబ్బరులోంచి కరెంటు పోదు. అందుకే ఇంజన్ నుంచి చట్రానికి జడలా అల్లిన ఎర్త్ పట్టీ ఒకటి ఉంటుంది. పని హడావిడిలో దాన్ని మళ్ళీ బిగించడం మరిచిపోతే స్టార్టరు లాగే కరెంటు చోక్ కేబులు లోంచో, యాక్సిలరేటరు కడ్డీల్లోంచో దారి వెతుక్కుని వాటిని కాల్చేస్తుంది. 'ఉస్తాద్, ఎర్త్ పట్టీ వేశారా?' అని ఒక్కమాట అడగండి. అయిదారువందల కిలోమీటర్లు తిరిగాక నట్లు ఇంకోసారి చూపించండి.

ఇంత చిన్నదానికి ఇంత రభసా?

సుఖమే కాదు, క్షేమం కూడా అన్నాను కదా, అది చెప్పి ముగిస్తాను. 1971 డిసెంబరులో అమెరికాలో జనరల్ మోటార్స్ కంపెనీ 1965 నుంచి 1969 దాకా చేసిన సుమారు 67 లక్షల షెవర్లే బళ్ళని వెనక్కి పిలిపించాల్సి వచ్చింది. కారణం ఇంజన్ కింద రబ్బరే. అది పలక నుంచి విడిపోతే ఇంజన్ ఒక పక్కకి పైకి లేచి యాక్సిలరేటరు కడ్డీని లాగేది. కాలు తీసినా బండి పరుగెత్తేది. బ్రేకుకి సాయపడే వాక్యూమ్ గొట్టం కూడా ఊడిపోయేది. చివరికి ఇంజన్ పైకి లేవకుండా తాడులాంటి ఉక్కు తీగతో కట్టి ఇచ్చారు. మన పాతకార్లలోనూ యాక్సిలరేటరుకి కేబులు బదులు ఇనప కడ్డీలున్నవి చాలా ఉన్నాయి. తెగిన రబ్బరుతో 'ఇంకో నెల లాగిద్దాం' అనుకోకండి. రబ్బర్లు మార్పించేదాకా బండిని ఇంట్లోనే ఉంచండి.

ఇక తుక్కు మాట. ఇంజన్ బోరుకొచ్చిందంటే అది పెద్ద ఖర్చు, అప్పుడు ఆలోచించాలి. మూడు రబ్బర్లూ, ఒక పూట పనీ తేల్చే విషయానికి బండినే అమ్మేసుకోవడం, వాషర్ పోయిందని కుళాయి పీకేసినట్టే. ట్యూనింగ్, ఆయిలు లీకు, రబ్బర్లు, ఈ వరసలో చేయించండి. అప్పటికీ వణుకు తగ్గకపోతే అప్పుడు మీవారి మాట విందురుగాని.